గద్వాల నుంచి నల్లమల దాకా: సూపర్‌హీరోకి పెళ్లి అవసరమా?

సూపర్‌హీరో సిరీస్ చూసేవాళ్లలో రెండు పార్టీలుంటాయి. "ఫైట్లు బాగున్నాయి కదా, మధ్యలో ఈ లవ్ ట్రాక్ ఎందుకు?" అనేది ఒకటి. "ఫైట్లు స్కిప్ చేస్తాం గానీ, వాళ్లిద్దరూ ఎప్పుడు కలుస్తారో చెప్పు" అనేది రెండోది. మీ ఫ్రెండ్స్ గ్రూపులో కూడా ఈ గొడవ నడుస్తుంటే ఒక శని, ఆదివారం ఖాళీ చేసుకుని పాలమూరు దారి పట్టండి. 2016లో పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపోయిన మూడు జిల్లాలు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా వెళ్తే ఈ పంచాయితీకి నాలుగు చోట్ల నాలుగు జవాబులు దొరుకుతాయి. చూడాల్సిన ఎపిసోడ్లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అడవిలో సిగ్నల్‌ను నమ్ముకోలేం.

గద్వాల: నూలు వద్దు, అంచే కావాలి

గద్వాలలో అందరూ కోట చూస్తారు, లోపల చెన్నకేశవుడికి దండం పెట్టుకుంటారు. తర్వాత ఒకసారి మగ్గం దగ్గరికీ వెళ్లండి. గద్వాల చీరకి ఒళ్లంతా నూలు, అంచూ పల్లూ పట్టు. నూలు పోగునీ పట్టు పోగునీ ఒకదానిలో ఒకటి లంకె వేసి కలుపుతారు. ఈ పనినే కుప్పడం అంటారు. ఆ లంకె గట్టిగా లేకపోతే అంచు ఒక దారి, చీర ఒక దారి.

ఇది చూస్తే నాకు శక్తిమాన్ గుర్తొస్తాడు. 1997లో దూరదర్శన్‌లో మొదలై 2005 దాకా నడిచిన సీరియల్ అది. రిపోర్టర్ గీతా విశ్వాస్‌కి శక్తిమాన్ అంటే ప్రాణం. అదే ఆఫీసులో పళ్లు బయటపెట్టుకుని తిరిగే గంగాధర్ మాత్రం ఆమె కంటికి ఆనడు. ఇద్దరూ ఒకడే! అంటే గీతకి జరీ అంచు కావాలి, నూలు చీర అక్కర్లేదు. "పాపం గంగాధర్" అని చాలామంది బాధపడతారు. నాకైతే గీతే పాపం అనిపిస్తుంది. సగం మనిషినే చూపించి, ఆ సగాన్నే ప్రేమించిందని ఆమెను ఎలా తప్పుపడతాం?

బీచుపల్లి: సింగిల్ పార్టీకి షాక్

గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తాకి వచ్చి హైవే ఎక్కితే, కృష్ణ ఒడ్డున బీచుపల్లి ఆంజనేయస్వామి. ఎగరగలడు, పెరగగలడు, కొండ మోయగలడు, పైగా బ్రహ్మచారి. "హీరో అంటే ఇట్లుండాలె, లవ్వు గివ్వు లేకుండ" అనేవాళ్లకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కాస్త ఆగండి. ఆయన చేసిన అతి పెద్ద సాహసం ఏమిటి? సముద్రం దాటడం. దాటి ఏం చేశాడు? ఒక భర్త ఉంగరాన్ని భార్యకి అందించాడు. మళ్లీ ఆమె ఆనవాలు తెచ్చి అతనికిచ్చాడు. లవ్ ట్రాక్ తీసేస్తే ఆ గెంతుకి అర్థమే లేదు! పైగా మన తెలుగువాళ్లు ఆయన్ని కూడా ఒంటరిగా వదల్లేదు. సూర్యుడి కూతురు సువర్చలతో కల్యాణం జరిపించే గుళ్లున్నాయి. పెళ్లయినా బ్రహ్మచారే అని సర్దిచెప్పే కథా ఉంది. అభిమానులు తమకి నచ్చిన జంట కట్టడం ఇంటర్నెట్‌తో మొదలైన అలవాటు కాదన్నమాట.

వనపర్తి: డ్రెస్ విప్పేశాక

నది దాటి పెబ్బేరు మీదుగా వనపర్తి. సంస్థానం కాలంలో రాజులున్న ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. 1959 నుంచీ అంతే. కిరీటం పోయింది, బిల్డింగ్ పనికొచ్చింది. పవర్ లేని రోజున హీరో దేనికి పనికొస్తాడు అని ఆలోచించడానికి మంచి చోటు.

'ది ఫ్లాష్'లో బ్యారీ, ఐరిస్ జంటని ఇష్టపడేవాళ్లు చెప్పే కారణం కూడా దగ్గర దగ్గర ఇదే. పిడుగు పడక ముందు నుంచే అతను ఆమెకి తెలుసు, వాళ్లింట్లోనే పెరిగాడు. నచ్చనివాళ్ల ఫిర్యాదూ న్యాయమైనదే. మొదటి సీజన్‌లో ఇంటిల్లిపాదికీ తెలిసిన రహస్యం ఐరిస్‌కి చెప్పరు. "నీ మంచికే దాచాం" అంటారు. ఈ మాట మన ఇళ్లలో ఆడపిల్లలకి కొత్తేం కాదు.

ఇక 'యారో'లో ఫెలిసిటీ ఒక్క ఎపిసోడ్ కోసం వచ్చిన పాత్ర. జనానికి నచ్చింది, ఉండిపోయింది. 2017 నవంబర్ క్రాస్‌ఓవర్‌లో ఈ రెండు జంటలకీ ఒకేసారి పెళ్లి చేసేశారు. కామిక్స్‌లో ఉన్న లారెల్‌ని కోరుకున్నవాళ్ల కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

నల్లమల: అన్నీ తెలిసే చేసుకుంది

నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటి మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి గాలి మారుతుంది. ఇది 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అడవి. అంతకంటే ముందు ఇది చెంచుల అడవి. వాళ్ల కథలో హీరో సగం మనిషి, సగం సింహం. హిరణ్యకశిపుణ్ణి చంపాక కోపం దిగక అడవిలో తిరుగుతున్న నరసింహుడు చెంచు పిల్లని చూసి ఆగిపోయాడు. 1958లో ఏఎన్నార్, అంజలీదేవి నటించిన 'చెంచులక్ష్మి' ఈ కథే.

ఇందులో సీక్రెట్ ఐడెంటిటీ లేదు. జూలు, గోళ్లు, కోపం అన్నీ ముందే కనిపిస్తున్నాయి. చూసే చేసుకుంది. అక్కడితో దేవుడు చెంచులకి అల్లుడైపోయాడు. అడవికి అవతల అహోబిలంలో సంక్రాంతి తర్వాత పారువేట మొదలవుతుంది. తన పెళ్లికి పిలవడానికి స్వామే పల్లకీలో దాదాపు 40 రోజులు ఊరూరూ తిరుగుతాడు. ఈ రోడ్డు చివర శ్రీశైలం మల్లన్న కూడా వాళ్లకి చెంచు మల్లయ్యే, ఆయనా అల్లుడే. సిరీసుల్లో ప్రేమ హీరోకి బలహీనత, విలన్ ముందు ఆమెనే ఎత్తుకుపోతాడు. ఇక్కడ ప్రేమ అంటే చుట్టరికం. అత్తింటివాళ్లకి కష్టమొస్తే అల్లుడు నిలబడాలి.

కష్టం నిజంగానే ఉంది. పులుల కోసం కోర్ ఏరియాలోని పెంటలు ఖాళీ చేస్తే కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అంటున్నారు. అడవి దాటితే ఎలా బతకాలన్నది డబ్బుతో తేలే ప్రశ్న కాదు. 2019లో యురేనియం మాట వచ్చినప్పుడు 'సేవ్ నల్లమల' అని ఫోన్లలో హోరెత్తించినవాళ్లలో హీరోల ఫ్యాన్స్ చాలామంది. ఈ జిల్లా మూలాలున్న విజయ్ దేవరకొండ కూడా గొంతు కలిపాడు. ఆ సెప్టెంబర్‌లోనే తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలకి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. జంటల కోసం కొట్టుకునే ఓపిక అడవికీ పనికొచ్చిందన్నమాట.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారి మూసేస్తారు, పెందలాడే బయల్దేరండి. సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికే, పూజారులు చెంచులే. ఏ పెంట దగ్గరైనా అడక్కుండా ఫొటోలు తీయొద్దు, ప్లాస్టిక్ పారేయొద్దు. అల్లుడి తరఫున వచ్చిన చుట్టాల్లా మర్యాదగా ఉండండి చాలు.

తిరుగు దారిలో మీ రెండు పార్టీల గొడవ మళ్లీ మొదలవుతుంది, మొదలవనీండి. ఈసారి మాత్రం ఒక ప్రశ్న కలపండి: ఆ హీరో గురించి ఆమెకి ముందే ఎంత తెలుసు?