12/16 తప్పు కాదు, ఇంకొంచెం పని మిగిలి ఉంది



ఈ నెల ఐదో క్లాసు మ్యాథ్స్ వర్క్‌షీట్లు ఇంటికి వచ్చాక మీలో చాలామంది ఒకటే అడిగారు: "మేడమ్, మా బాబు 12/16 అని రాశాడు. ఆన్సర్ కరెక్టే కదా, అర మార్కు ఎందుకు కట్ చేశారు?" న్యాయమైన ప్రశ్న. డైరీలో ఒక లైన్‌లో జవాబు రాస్తే సరిపోదనిపించింది. అందుకే ఈ పేజీ.

ముందు ఒక మాట. 12/16 విలువ సరైనదే. ప్రశ్నలో "సింప్లెస్ట్ ఫామ్‌లో రాయండి" అని ఉంది కాబట్టి అర మార్కు ఆగింది. తెలుగు పుస్తకాల్లో దీన్నే కనిష్ట రూపం అంటారు. దయచేసి పిల్లలతో "తప్పు రాశావు" అనకండి. "ఇంకా చిన్నగా రాయొచ్చేమో చూడు" అనండి. ఆ రెండు మాటలకూ చాలా తేడా ఉంది.

ఇప్పుడు విషయానికి వద్దాం. ఒక ట్రే బర్ఫీని 16 ముక్కలు కోశారు. 12 ముక్కలు మిగిలాయి. అంటే 12/16. నాలుగేసి ముక్కల్ని దగ్గరికి జరిపి ఒక పెద్ద ముక్క అనుకోండి. ట్రేలో మొత్తం 4 పెద్ద ముక్కలు, మిగిలినవి 3. అంటే 3/4. బర్ఫీ పెరిగిందా? తగ్గిందా? ఏదీ లేదు. దాని పేరు మాత్రం చిన్నదైంది.

మన పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. మనం ఇంట్లోనూ ట్యూషన్లోనూ "పైనా కిందా కొట్టెయ్" అంటాం. పిల్లవాడు నిజంగానే కొట్టేస్తాడు! 13/34 చూసి పైన 3, కింద 3 కొట్టేసి 1/4 అని రాసేవాళ్లు ప్రతి సంవత్సరం కనిపిస్తారు. నిజానికి 13/34ని ఇంకా తగ్గించలేం. దురదృష్టం ఏమిటంటే 16/64లో రెండు 6లూ కొట్టేస్తే 1/4 వస్తుంది, జవాబు కూడా అదే! దారి తప్పు, ఊరు మాత్రం కరెక్ట్. అలా ఒక్కసారి టిక్ పడిందంటే ఆ అలవాటు మాన్పించడం కష్టం. ఇంకొందరు రెండిట్లోంచీ ఒకే సంఖ్య తీసేస్తారు. 12/16లో నాలుగేసి తీసేస్తే 8/12 వస్తుంది. అది 2/3, ముప్పావు కాదు. పైనా కిందా ఒకే సంఖ్యతో భాగిస్తేనే విలువ మారదు. తీసేస్తే మారిపోతుంది.

పద్ధతి చాలా సులువు. 36/60 తీసుకోండి. రెండూ సరిసంఖ్యలు, 2తో భాగిస్తే 18/30. మళ్లీ 2తో 9/15. తర్వాత 3తో 3/5. ఇక పైకీ కిందికీ 1 తప్ప వేరే ఉమ్మడి భాజకం లేదు, ఆగిపోవచ్చు. గ.సా.భా. 12 అని ముందే తెలిస్తే ఒకే అడుగులో 3/5 వస్తుంది. మెట్లు ఎక్కి వెళ్లినా, లిఫ్టులో వెళ్లినా చేరేది అదే ఫ్లోరు. మా క్లాసులో రెండిటికీ పూర్తి మార్కులే.

91/117 లాంటివి వస్తే? 2, 3, 5 ఏవీ రెండిట్లోకీ పోవు. అప్పుడు యూక్లిడ్ కాలం నాటి భాగహార పద్ధతి పనికొస్తుంది. 117ని 91తో భాగిస్తే శేషం 26. 91ని 26తో భాగిస్తే శేషం 13. 26ని 13తో భాగిస్తే శేషం సున్నా. కాబట్టి గ.సా.భా. 13, జవాబు 7/9.

ఇదంతా మార్కుల కోసమేనా అని అడగొచ్చు. మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను.

మాది వికారాబాద్ వైపు పల్లె. తాతగారికి మూడెకరాలు. నలుగురు కొడుకులకు పంచితే ఒక్కొక్కరికి 30 గుంటలు. ఎకరానికి 40 గుంటలని లింగంపల్లి చుట్టుపక్కల ప్లాట్లు చూసే మీకు నేను చెప్పక్కర్లేదు. మా చిన్నాన్న తన వాటా మా నాన్నకు అమ్మాలనుకున్నాడు. ఎకరం పది లక్షలకు మాట కుదిరింది. కాగితంలో విస్తీర్ణం 0.30 అని ఉంది. పట్నం నుంచి వచ్చిన బంధువు ఒకాయన ఫోన్‌లో 0.30ని పది లక్షలతో గుణించి, "మూడు లక్షలు" అన్నాడు. నాన్న బడికి వెళ్లింది ఐదో తరగతి దాకానే. ఆయన వెంటనే, "బావా, ముప్పై గుంటలంటే ముప్పావెకరం గదా, ఏడున్నర లక్షలైతది" అన్నాడు. ఆ కాగితంలో చుక్క తర్వాత ఉన్నవి గుంటలు, దశాంశాలు కావు. 30/40 అంటే 3/4. 0.30ని దశాంశంగా చదివితే 12 గుంటలకే డబ్బు వస్తుంది. కొనేది నాన్నే, నోరు మూసుకుంటే నాలుగున్నర లక్షలు మిగిలేవి. చిన్నాన్న ఇప్పటికీ మా ఇంటికి వస్తాడంటే ఆ రోజు ఆ లెక్క సరిగ్గా చెప్పడం వల్లే. ఫోన్‌కు గుణించడం వచ్చు. 30 దేనిలో భాగమో అడగడం మనిషికే రావాలి.

నాన్నకు న్యూమరేటర్, డినామినేటర్ అనే మాటలు తెలియవు. కానీ ఆ లెక్క మన భాషలోనే ఉంది. పావులో పావు వీసం, అంటే 1/16. రూపాయికి 16 అణాలు ఉన్న రోజుల్లో 12 అణాలను ముప్పావలా అనేవారు. 12/16ని 3/4 చేయడం మన పెద్దవాళ్ల నోట్లోనే జరిగిపోయేది! 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి అణాలు పోయాయి. 2011 జూన్ చివర్లో పావలా బిళ్ల కూడా చెలామణీలోంచి పోయింది. మన ఐదో క్లాసు పిల్లలెవరూ దాన్ని వాడి ఎరుగరు. అంతకంటే వెనక్కి వెళ్తే, 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి 'గణిత సార సంగ్రహం'లో భిన్నాలకు ఏకంగా ఒక ప్రకరణం ఉంది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో లెక్కలు చెప్పుకోవడం మనకు కొత్తేమీ కాదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా క్లాసులో ఒక పాప ఫ్రాక్షన్స్ మొదలయ్యాక చెయ్యెత్తడం మానేసింది. తల్లిదండ్రులిద్దరూ ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. ఇంట్లో ఉండేది నాయనమ్మ. ఆవిడ సాయం చేయబోతే, "నీకు ఇంగ్లిష్ రాదు కదా" అంటుందట. ఒక రోజు క్లాసు మొత్తానికీ ఒక హోంవర్క్ ఇచ్చాను: ముప్పావలా అంటే ఎన్ని అణాలో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రండి. మర్నాడు ఆ పాప నోట్‌బుక్‌లో 12/16 = 3/4 అని ఉంది. కింద 8/16, 4/16, 2/16 కూడా ఉన్నాయి. అన్నీ తగ్గించి రాసింది. "నాయనమ్మ ఇంకా చెప్పింది మేడమ్, 2 అణాలను బేడ అంటారట" అంది. ఆ వారమే మళ్లీ చెయ్యెత్తింది.

పీటీఎంలో చాలామంది "ఐఐటీ ఫౌండేషన్ ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడుగుతారు. నా జవాబు: మొదలైంది. రేపటి నిష్పత్తులు, శాతాలు, ఆల్జీబ్రా అన్నీ ఈ 12/16 మీదే నిలబడతాయి. ఇక్కడ భయం పుడితే ఏడో క్లాసులో ఏ మెటీరియల్ ఇచ్చినా అది పోదు.

కాబట్టి ఈ నెల మీ నుంచి కోరేవి మూడే. "కొట్టెయ్" అనకుండా "దేనితో భాగించావు?" అని అడగండి. జవాబు రాగానే "ఇంకా తగ్గుతుందా?" అని ఇంకో ప్రశ్న వేయండి. పిల్లల ముందు "నాకూ మ్యాథ్స్ అంటే భయమే" అని నవ్వేయకండి. వాళ్లు దాన్ని జోక్‌గా తీసుకోరు, అనుమతిగా తీసుకుంటారు. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే, ఒక సాయంత్రం పిల్లల నోట్‌బుక్ వాళ్ల చేతికివ్వండి. ఇంగ్లిష్ పదాలు నేను నేర్పుతాను.

మీ
ఐదో క్లాసు మ్యాథ్స్ టీచర్,
లింగంపల్లి బ్రాంచి