కన్నీటికి దారేది?
గోదావరి ఒడ్డున, శ్రీరాంపూర్ బొగ్గు గనుల పక్కన ఉంటుంది నస్పూర్. ఇలాంటి చోట బరాత్‌ల కోసం పెంచే గుర్రప్పిల్ల కంట నీరు కారితే దుమ్మేలే అనుకోవడం తేలిక. కానీ కడిగినా తగ్గక, చిక్కటి పుసి నెలల తరబడి కారుతుంటే అనుమానించాల్సిందే! కన్నీటిని ముక్కులోకి దించే నాళానికి పుట్టుకతోనే కింది రంధ్రం లేకపోవచ్చు. వైద్యులు కంట్లో రంగు మందు వేస్తారు. కాసేపటికి అది ముక్కులో కనిపించకపోతే దారి మూసుకుపోయినట్లే. మత్తిచ్చి, కంటి లోపలి మూల నుంచి సన్నని గొట్టం దించి, ముక్కులో అడ్డుగా ఉన్న పొరను కోస్తారు. దారి మళ్లీ పూడకుండా గొట్టాన్ని కొన్ని వారాలు కుట్టి ఉంచుతారు. లక్షెట్టిపేట మీదుగా రాయపట్నం వంతెన దాటి, జగిత్యాల మీదుగా వెళితే కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. దుమ్మని సరిపెట్టుకునేకంటే ఆ ప్రయాణమే మేలు.