ఘాట్ ఎక్కే ముందు: భివండి డైరీ పుటలు

27 ఆగస్టు 2023, ఆదివారం, పద్మానగర్

వెనక కుడివైపు షాకప్ కారుతోంది. గోనెపట్టా పరుచుకుని కారు కింద పడుకుని చూస్తే దాని ఒళ్లంతా నూనె. ఆ నూనె మీద మా సాంచాల (మరమగ్గాల) షెడ్డు నూగు మందంగా పట్టి ఉంది. వేలితో గీకితే నల్లటి ముద్దగా ఊడి వచ్చింది. ఎడమది పొడిగానే ఉంది. కానీ డిక్కీ మీద రెండు చేతులతో గట్టిగా నొక్కి వదిలితే ఆ మూల కూడా వెంటనే కుదురుకోలేదు, పడవలా ఊగుతూనే ఉంది. మంచి షాకప్ అయితే ఒకసారి పైకి లేచి, దిగి, అక్కడే ఆగిపోవాలి.

బండి 2016 సియాజ్ డీజిల్, వీడీఐ. తొంభై వేల కిలోమీటర్లు దాటింది. కశేళీ బ్రిడ్జి అతుకుల మీద వెనక భాగం ఎగిరెగిరి పడటం, మాన్‌కోలీ దగ్గర మలుపు తిరిగేటప్పుడు బాడీ ఒక పక్కకు ఒరిగి ఆలస్యంగా లేవడం ఈ వానాకాలంలో బాగా ఎక్కువయ్యాయి. టైరు మీద అరచెయ్యి ఆనించి తడిమితే వరసగా గుంటలు తగులుతున్నాయి. చక్రం రోడ్డును పట్టుకోలేక గెంతుతూ పోతే రబ్బరు ఇలాగే అరుగుతుంది.

ఈసారి సద్దుల బతుకమ్మ అక్టోబరు 22. బాపును మా ఊరు సిరిసిల్ల తీసుకుపోవాలి. భివండి దగ్గర మొదలయ్యే 61వ నంబరు జాతీయ రహదారి కల్యాణ్, ముర్బాడ్, మాల్షేజ్ ఘాట్, అహ్మద్‌నగర్, పర్భణీ, నాందేడ్, భైంసా మీదుగా నిర్మల్ చేరుతుంది. ఇక్కడి పద్మశాలీలం చాలామందిమి ఆ దారినే ఇంటికి పోతాం. దారంతా ఒక ఎత్తు, ఘాట్ ఒక ఎత్తు.

బాపుకు డెబ్బై ఎనిమిది. 1982 జనవరిలో కార్మిక నాయకుడు దత్తా సామంత్ నడిపిన మిల్లు సమ్మె మొదలయ్యే దాకా బొంబాయి మిల్లులో, ఆ తర్వాత భివండిలో సాంచాల ముందు, బతుకంతా నిలబడే పనిచేసిన మనిషి. నడుము పోయింది. కారు ఒరిగినప్పుడల్లా కిటికీ పైనున్న పిడి పట్టుకుని, పళ్లు బిగించి, ఏమీ అనకుండా కూర్చుంటాడు. ఆయన చెయ్యి ఆ పిడి మీదికి పోకుండా ఘాట్ దాటించాలి. ఈ మరమ్మతుకు నేను పెట్టుకున్న కొలత అదే.

3 సెప్టెంబరు, ఆదివారం

గుంటలు పడ్డ టైర్లు ఎలాగూ మార్చాలి కాబట్టి ధామన్‌కర్ నాకా వైపు ఒక టైర్ల షాపులో అడిగాను. షాపు కుర్రాడు మర్యాదగా కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు చూపించాడు. వాటికి 205/45 టైర్లు. "సేఠ్, బండి రోడ్డుకు అతుక్కుపోతుంది" అన్నాడు. చూడటానికి బాగున్నాయి, కాదనను. రేటు రాసుకుని, ఒక చక్రం తూచుకుని తెస్తానని అడిగితే ఒప్పుకున్నాడు.

షెడ్డులో నూలు తూచే కాంటా మీద పెట్టాం. మన 15 అంగుళాల స్టీలు రిమ్ము కన్నా ఆ అల్లాయ్ కిలోన్నర పైనే ఎక్కువ తూగింది. అల్లాయ్ అంటే తేలికని అందరం అనుకుంటాం. మంచి కంపెనీ తయారుచేసినవి తేలికే. సైజు పెరిగి, పోత చౌకదైతే బరువు పెరుగుతుంది. ఆ బరువు స్ప్రింగుకు కింద ఉండే బరువు. గుంటలో దిగిన చక్రాన్ని మళ్లీ రోడ్డు మీదికి తెచ్చే పని స్ప్రింగుది, దాన్ని అదుపులో ఉంచే పని షాకప్‌ది. చక్రం బరువెక్కిన కొద్దీ ఆ రెండింటికీ పని పెరుగుతుంది.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. మన టైరు 185/65 ఆర్15. వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 120 మిల్లీమీటర్లు. మొత్తం చక్రం ఎత్తు సుమారు 621. సియాజ్ పై మోడళ్లకు కంపెనీయే ఇచ్చిన 195/55 ఆర్16 ఎత్తు కూడా 621 దగ్గరే వస్తుంది. అందుకే రెండింటికీ స్పీడోమీటరు ఒకే మాట చెబుతుంది. పక్క గోడ మాత్రం 107కి తగ్గుతుంది. షాపువాడి 17 అంగుళాల దానికి పక్క గోడ 92 మాత్రమే. రాజ్‌నోలీ గుంటలకూ రిమ్ము అంచుకూ మధ్య ఉండేది ఆ 92 మిల్లీమీటర్ల రబ్బరూ గాలీ. స్టీలు రిమ్ము వంగితే సుత్తితో సరిచేసుకోవచ్చు. అల్లాయ్ అయితే పగలొచ్చు, ఘాట్ మధ్యలో పగిలితే కుటుంబమంతా రోడ్డు మీద.

ఇంకొకటి ఎవరూ చూడరు. టైరు సైజు పక్కన ఒక అంకె ఉంటుంది. మనదానికి 88, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. 16 అంగుళాల దానికి 87, అంటే 545. షాపులో చూపించిన దాని మీద 84 ఉంది, అంటే 500. అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, పండక్కి పెట్టే చీరల మూటలు. మోయాల్సింది పెరుగుతుంటే మోసే శక్తి తగ్గించుకోవడం నాకు ససేమిరా నచ్చలేదు. పైగా వెడల్పు టైరు నిలిచిన నీళ్ల మీద తొందరగా తేలుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన రోడ్ల మీద ఉండేది నీళ్లే.

చట్టం సంగతి కూడా రాసి పెట్టుకుంటున్నాను. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన అసలు నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ మీద గట్టిగానే చెప్పింది. కంపెనీ తన పై మోడలుకు ఇచ్చిన సైజు దాటి పోకుండా ఉంటే మనసుకు నిశ్చింత.

చక్రం వాపసు ఇచ్చేశాను.

10 సెప్టెంబరు, ఆదివారం, కల్యాణ్ నాకా

పొద్దున్నుంచి సాయంత్రం దాకా గ్యారేజీలోనే. మెకానిక్ ఉస్తాద్ తాతలు ఉత్తరప్రదేశ్‌లోని మౌలో నేతగాళ్లు. ఈయన మగ్గం వదిలి పానా పట్టుకున్నాడు. నేను సాంచాల మనిషినని తెలిసి ప్రతిదీ విప్పి చూపిస్తాడు.

సియాజ్ ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఫోర్డ్ కంపెనీలో పనిచేసిన అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ ఆలోచన ఇది. 1950లో ఇంగ్లండులో వచ్చిన ఫోర్డ్ కాన్సుల్‌తో జనం కార్లలోకి దిగింది. స్ప్రింగూ షాకప్పూ ఒకే నిలువు కడ్డీగా, కింద ఒకే ఒక ఆర్ముతో. చౌక, చోటు తక్కువ పడుతుంది. మన మారుతి 800 నుంచి ఇప్పటి చిన్న కార్ల దాకా అత్యధికానికి ముందు చక్రాల దగ్గర ఇదే. వెనక చక్రాలు రెంటినీ ఒక అడ్డ దూలం కలుపుతుంది.

గ్యారేజీలో ఇంకో బండి తెచ్చిన కుర్రాడు స్ప్రింగు ఒక చుట్టు కోయించుకుంటానని పట్టుబట్టాడు. బండి కిందికి కూర్చుంటే ఒరగడం తగ్గుతుందని అతని నమ్మకం. ఉస్తాద్ చెయ్యనన్నాడు. నేనూ చదివి తెలుసుకున్నదే చెప్పాను. మెక్‌ఫర్సన్ అమరికలో బండిని దించితే కింది ఆర్ము చక్రం వైపు పైకి వాలుతుంది. బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు బండి బరువు కేంద్రం కన్నా ఎక్కువ కిందికి జారిపోతుంది. అప్పుడు బాడీని ఒరగదోసే మీట పొడవు పెరుగుతుంది. అందుకే దించిన బండికి గట్టి స్ప్రింగు కూడా వెయ్యాల్సి వస్తుంది, గట్టి స్ప్రింగుకు గట్టి షాకప్, అలా ఖర్చు సాగుతూనే ఉంటుంది. కోసిన స్ప్రింగు పైగా తన గూట్లో సరిగ్గా కూర్చోదు. కుర్రాడు వినలేదు, వేరే గ్యారేజీకి వెళ్లిపోయాడు. బాధ కలిగింది.

వెనక స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు నాకూ ఒకరు సలహా ఇచ్చారు. బరువేసినప్పుడు వెనక కుంగదని. అవి పెడితే కొన్ని చుట్లు పనిచెయ్యడం మానేసి స్ప్రింగు గట్టిపడుతుంది. వెనక మాత్రమే గట్టిపడితే తడి మలుపులో వెనక చక్రాలు ముందుగా జారతాయి. ఘాట్ మీద అంతకన్నా ప్రమాదం లేదు. చక్రం మధ్య నుంచి పైన బాడీ అంచు దాకా టేపుతో కొలిచాం. ఎడమ, కుడి మధ్య తేడా అర సెంటీమీటరు కూడా లేదు. స్ప్రింగులు బాగానే ఉన్నాయి, ముట్టుకోలేదు.

వేసినవి: ముందు స్ట్రట్లు రెండూ, వెనక షాకప్‌లు రెండూ, పై మౌంట్లు, బంప్ స్టాపర్లు, కింది ఆర్ము బుష్‌లు, లింకు రాడ్లు, టై రాడ్ ఎండ్లు. అన్నీ కంపెనీ రకమే. పడుగు బిగువుగా ఉంటే పోగులు తెగుతాయి, వదులైతే గుడ్డ ముడతలు పడుతుంది. సరిగ్గా ఎంత బిగువు కావాలో సాంచా కట్టినవాడికి తెలుస్తుంది. స్ప్రింగుకూ షాకప్‌కూ ఉన్న లెక్క అలాంటిదే. ఆ లెక్క కంపెనీ వేసి పెట్టింది, అది అరిగిపోయిన చోట తిరిగి నిలబెట్టడమే ఇవాళ మేం చేసింది.

ఒక్కటి దగ్గరగా చూశాను. కింది ఆర్ము బోల్టులు ఉస్తాద్ బండి గాల్లో ఉండగా చేతి బిగువుకే వదిలేశాడు. జాకీ దించి, బండి తన బరువుతో నేల మీద నిలబడ్డాక, మళ్లీ కిందికి దూరి అప్పుడు పూర్తిగా బిగించాడు. గాల్లో బిగిస్తే బుష్ రబ్బరు వేలాడే కోణంలో అతుక్కుపోతుంది. బండి దించగానే మెలిపడి, ఎప్పుడూ మెలితోనే ఉండి, కొన్నాళ్లకే చిరుగుతుంది. కొత్త బుష్‌లు వేయించి ఆరు నెలల్లో పోయాయని ఏడ్చేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే అయి ఉంటుంది.

17 సెప్టెంబరు, ఆదివారం

ఎల్లుండి వినాయక చవితి. కామత్‌ఘర్ వైపు మండపాలతో సగం రోడ్డే మిగిలింది.

బావమరిదిదీ సియాజే, పై మోడలు. "బావా, నా చక్రాలు ఒకరోజు నీ బండికేసి చూడు, ఊరికే ఎందుకు కొనడం" అన్నాడు. నాలుగూ మార్చుకున్నాం. డిక్కీలో నూలు బస్తాలు వేశాం, పండగ సామాను బరువుకు. వెనక సీట్లో బాపు, అమ్మ, మా ఆవిడ. వడపే నుంచి పడ్ఘా దాకా నాసిక్ రోడ్డు మీద ఒకసారి 16 అంగుళాలతో, తర్వాత మన 15తో. గాలి మాత్రం తలుపు దగ్గర స్టిక్కరు మీద నిండు బరువుకు ఎంత రాసి ఉంటే అంతే పెట్టాను.

16తో స్టీరింగు చురుకు. చెయ్యి కదిపిన వెంటనే ముక్కు తిరుగుతుంది. పక్క గోడ పొట్టిది కాబట్టి టైరు పక్కకు మెలిక పడేది తక్కువ. నాకు నచ్చింది, ఒప్పుకోవాలి. ఒరగడంలో మాత్రం తేడా ఏమీ తెలియలేదు. ఠాణే వైపు రోడ్డు వెడల్పు పనులు నడుస్తున్నాయి. వడపే దగ్గర డైవర్షన్ అంచు మీద దెబ్బ నేరుగా సీట్లోకి వచ్చింది. అమ్మ "అబ్బా" అంది. 15తో అదే అంచు మీద దెబ్బ మొద్దుగా, దూరంగా వినిపించింది.

బాపు చెయ్యి? రెండుసార్లూ ఒళ్లోనే ఉంది. పిడి మీదికి పోలేదు. పని అయిపోయింది షాకప్‌లతోనే, బుష్‌లతోనే. చక్రాలు ఇచ్చేది నా చేతులకు సంతోషం, దానికి ధర కట్టేది వెనక కూర్చున్న వాళ్ల నడుములు.

15 ఉంచుకుంటున్నాను.

1 అక్టోబరు, ఆదివారం

రిమ్ముల డబ్బు మిగిలింది కాబట్టి టైర్లలో ఒక మెట్టు పైది తీసుకున్నాను. అదే సైజు, తడి రోడ్డు మీద పట్టు బాగుండేవి, నాలుగూ ఒకే రకం. పక్క గోడ మీద 2623 అని ఉంది, 2023లో 26వ వారం తయారీ. ఎండలో ఏళ్ల తరబడి పడున్న టైరు కొత్తదే అయినా పట్టు తగ్గుతుంది, అందుకని తేదీ చూశాకే బిల్లు కట్టాను. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అయ్యాయి. ఈ బండికి ముందు చక్రాల టో, అంటే అవి లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, ఒక్కటే సర్దే వీలుంది. స్టీరింగు వదిలితే తిన్నగా పోతోంది.

20 అక్టోబరు, శుక్రవారం, అహ్మద్‌నగర్

తెల్లవారక ముందే బయలుదేరాం. ముర్బాడ్ దాటాక, టోకావడే దగ్గర చాయ్. ఘాట్ మీద మంచు లేదు, రోడ్డు ఎండి ఉంది. కొండ చరియల వైపు చూడకుండా మలుపులు మాత్రమే చూసుకుంటూ ఎక్కాను. స్టీరింగు ఒకసారి తిప్పి పట్టుకుంటే చాలు, మధ్యలో సర్దాల్సిన అవసరం రాలేదు. ఇదివరకు బాడీ ఒరిగి లేచే లోపల రెండో మలుపు వచ్చేసేది, ముందు మలుపు ఊపు దీనికి కలిసేది. ఇప్పుడు ఒక్కో మలుపు దానికదే ముగుస్తోంది. సొరంగం దాటి పైకి చేరేసరికి బాపు నిద్రపోతున్నాడు. మా ఆవిడ నా భుజం తట్టి చూపించింది. ఆ దారిలో ఆయన నిద్రపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

24 అక్టోబరు, మంగళవారం, సిరిసిల్ల

బావమరిది ఫోను చేశాడు. దీపావళికి తన బండికి 17 అంగుళాలు వేయిద్దామని ఉందట, నా మాట అడిగాడు. కంపెనీ ఇచ్చిన 16 ఉండనివ్వమన్నాను. ఎనభై వేల కిలోమీటర్లు దాటిన బండి కాబట్టి ముందు ఉస్తాద్‌కు షాకప్‌లు చూపించమన్నాను. బొంబాయిలో నున్నటి రోడ్డు మీద ఒంటరిగా తిరిగేవాళ్ల సంగతి వేరు. ముసలివాళ్లను ఎక్కించుకుని, భివండి గుంటలు దాటి, ఘాట్ మీదుగా ఇంటికొచ్చే బండికి 17 అంగుళాలు వద్దు.