బండ్ల లెక్క, పసివాని ఊపిరి

పట్నంలో బండ్లు ఎందుకు ఆగిపోతాయని అడిగితే, రోడ్డు చాలకనే అంటారు చాలామంది. కాలువ చాలకపోతే వెడల్పు చేస్తాము గనుక అలా తోచడం సహజమే. అయితే కాలువ నీటికి ఎటు పోవాలనే ఆలోచన ఉండదు. బండి నడిపేవానికి ఉంటుంది. ఎవరికి వారు తమకు దగ్గరనిపించిన దారి ఎంచుకుంటే, కొత్తగా ఒక రోడ్డు కలిపినందువల్లనే అందరి ప్రయాణమూ ఆలస్యమయ్యే సందర్భాలున్నాయని జర్మనీ గణిత శాస్త్రజ్ఞుడు డీట్రిష్ బ్రెస్ 1968లో లెక్కలతో చూపించాడు.

మా పెద్దబ్బాయి హైదరాబాదులో ఇటువంటి లెక్కలు కట్టే ఉద్యోగంలో ఉన్నాడు. ఏ పేటనుండి ఏ పేటకు ఎందరు వెళ్తారు, బస్సులోనా, స్కూటరు మీదా, ఏ దారిన అని లెక్కించి, ఆ నగరం నమూనాను కంప్యూటరులో కట్టుకుంటారు. ఒక దారి మూస్తే ఏమవుతుంది, బస్సులు పెంచితే ఏమవుతుంది అని ముందు అందులో పరీక్షిస్తారు. పొలమంతా చల్లకముందు గుప్పెడు విత్తనాలు తడిగుడ్డలో మొలకెత్తించి చూడటం మనకు తెలిసిందే గదా!

జపానులో జరిగి 2008లో వెలువడిన ఒక ప్రయోగం వినడానికి మాకు మరీ ఇష్టం. 230 మీటర్ల చుట్టుదారి మీద 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. సిగ్నలు లేదు, గొయ్యి లేదు, గేదె అడ్డం రాలేదు. అయినా కొంతసేపటికి కార్లు ఆగసాగాయి. ఒకడు కాస్త బ్రేకు వేస్తే వెనుకవాడు ఇంకాస్త గట్టిగా వేస్తాడు. ఆ ఆటంకం అలలాగా వెనక్కు పాకిపోతుంది.

ఇలా ఆగుతూ కదిలే బండి, సాఫీగా పోయే బండికంటే ఎక్కువ ఇంధనం తాగి ఎక్కువ పొగ వదులుతుంది. ఆ పొగ సంగతి మాకు మనవడి రొమ్ములో తెలిసింది. వానికి ఆరేళ్ళు. వాని బడి పెద్ద కూడలి పక్కనే. చలికాలం వచ్చిందంటే రాత్రంతా పిల్లికూతలు, ఇన్‌హేలరు, నిద్రలేని తల్లి. సెలవులకు మా ఊరు వస్తే నాలుగు రోజుల్లో తేరుకుంటాడు.

అందుకే స్వీడను రాజధాని స్టాక్‌హోమ్ సంగతి మా మనసులో నిలిచిపోయింది. అక్కడివారు 2005 ఆగస్టులో ముందుగా బస్సులు పెంచి, 2006 జనవరి నుండి జూలై వరకు నగరం నడిబొడ్డుకు వచ్చిపోయే బండ్లపై రుసుము వేసి చూశారు. ఆ హద్దు దాటే బండ్లు నూటికి సుమారు 20 తగ్గాయి. మొదట సణిగిన జనమే, చూసిన తరువాత ఆ సెప్టెంబరులో ఓటు వేసినప్పుడు, నగరంలో సగం కంటే కొద్దిగా ఎక్కువమంది ఉండనివ్వమన్నారు. 2007 ఆగస్టు నుండి అది స్థిరపడింది. చిన్నపిల్లలను ఉబ్బసంతో ఆసుపత్రికి తీసుకుపోవడం తగ్గిందని తరువాతి పరిశోధనలో తేలింది. ఒక్కరోజులో కాదు, ఏళ్ళు గడిచేకొద్దీ.

మన పట్నాలలో రుసుమంటే ముందు బీదవాని స్కూటరే కళ్ళముందుకు వస్తుంది. చాలినన్ని బస్సులు వేయకుండా ఆ పని చేస్తే అన్యాయమేనని మా అభిప్రాయం.

కోడలు బాబును మా దగ్గరుంచి ఊరి బడిలో చేర్చమంటున్నది. అబ్బాయి కూడలికి దూరంగా ఇల్లు చూస్తానంటాడు. జూన్‌లో బడులు తెరిచేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. మేము మాత్రం వెనుక గదికి సున్నం వేయించి ఉంచాము.