లెఫ్ట్ వింగ్

సింహాచలం కొండ కింద గ్రౌండ్‌లో నేను లెఫ్ట్ వింగ్. పోయినేడు మోకాలు పోయింది. ఇరవై ఆరేళ్లు. "ఇంక చాల్లేరా, ఉద్యోగం చూసుకో" అంది అమ్మ.

మంచమ్మీద పడుకుని తులసీదాస్ బలరాం గురించి చదివాను. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ ఆయనది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు కొట్టినవి మూడే గోల్స్. రెండు ఆయనవే, హంగేరీ మీదొకటి, పెరూ మీదొకటి. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం. మరుసటేడే జబ్బుచేసి ఆట ఆపేశారు. తోటి ఫార్వర్డ్‌లు పీకే బెనర్జీకీ, చునీ గోస్వామికీ పద్మశ్రీ వచ్చింది, ఈయనకి రాలేదు. నన్ను పట్టుకున్నది అది కాదు. ఆపేశాక దాదాపు అరవై ఏళ్లు బతికారు, 2023 దాకా. అన్ని సాయంత్రాలు!

ఐదవుతోంది. బంతి చప్పుడు కిటికీలోంచి వినిపిస్తోంది. బూట్లు ఇంకా అటకెక్కించలేదు.