కూనూరు కొండపై కుక్కకాటు వైద్యాలయము

నీలగిరులకు పోవువారిలో పెక్కుమంది ఉదకమండలముపైననే మనసు నిలిపి, నడుమనున్న కూనూరును రైలుకిటికీనుండి చూచి దాటిపోవుదురు. మేము మాత్రము గత వేసవి సెలవులలో కూనూరుననే నాలుగు దినములు నిలిచితిమి. మా వారు బడిపంతులగుటచే, ఏ యూరికి పోయినను అచ్చటి చరిత్ర తెలిసికొననిదే కదలరు. వారి యా యలవాటువలన నాకు దెలిసిన యొక సంగతిని సోదరీమణులకు విన్నవింపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

చెన్నపట్టణమున రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కినచో తెల్లవారునప్పటికి మేట్టుపాళయము చేరవచ్చును. అచ్చటినుండి కొండరైలు. కల్లారు దాటినపిమ్మట పట్టాల నడుమ పండ్లపట్టె యొకటి మొదలగును. ఇంజనులోని పండ్లచక్రము దానిని పట్టుకొని యెక్కుచు, పెట్టెలను వెనుకనుండి మీదికి త్రోయును. 1899లో కూనూరువరకు వచ్చిన యీ దారి 1908లో ఉదకమండలము చేరెను. 2005లో యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చిరి. ఒకప్రక్క లోయ, ఒకప్రక్క నీరు కారు రాతిగోడ, నడుమనడుమ చీకటి సొరంగములు. ఈ తీరున ఆరువేల అడుగుల యెత్తున నున్న కూనూరు చేరితిమి.

ఊరికి అలంకారము సిమ్స్ పార్కు. 1874లో నాటిన యీ తోటలో దేశదేశముల వృక్షములు కొండవాలున మెట్లుమెట్లుగా నున్నవి. ఆ తోటకు చేరువనే పాశ్చరు వైద్యసంస్థ కలదు. తోట చూడవచ్చినవారిలో చాలమంది ఆ గేటువంక తిరిగియైనను చూడరు. కాని దక్షిణదేశపు తల్లు లెందరో ఒకప్పుడు ప్రాణములు అరచేత పట్టుకొని వచ్చిన స్థలమది.

పారిసు నగరమున 1885వ సంవత్సరము జూలై 6వ తేదీని లూయీ పాశ్చరు పండితుడు, పిచ్చికుక్క కరచిన జోసెఫు మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునకు తన మందు నిప్పించి బ్రతికించెను. మన దేశమున ఇట్టి వైద్యశాల మొదట 1900లో హిమాలయప్రాంతమున కసౌలీలో వెలసెను. దక్షిణమున లేదు. 1902లో లిల్లీ పాకెన్‌హామ్ వాల్ష్ అను ఆంగ్లయువతి జలభయరోగముచే మరణించినపిమ్మట, ఇచ్చట గూడ నొకటి యుండవలెనను ప్రయత్నము బలపడెను. హెన్రీ ఫిప్స్ అను అమెరికా దాత కర్జను ప్రభువున కిచ్చిన ధనములో కొంత దీనికి వినియోగింపబడెను. 1907లో వైద్యము మొదలయ్యెను.

నాడు సర్కారు జిల్లాలును రాయలసీమయు మద్రాసు రాజధానిలోనివే. కావున మన తెలుగువారికిని ఈ కొండయే దిక్కు. మందు జిల్లా ఆసుపత్రులకు పంపు నేర్పాటు తరువాతి మాట. బిడ్డను ఒడిలో నుంచుకొని, రైళ్లు మారుచు, మాట తెలియని చోటికి వచ్చి, పొట్టపై దినమున కొక సూది చొప్పున పొడిపించుకొని, బ్రతుకునో లేదో యని కాచుకొని కూర్చున్న తల్లుల దుఃఖమును తలచినపుడు నా గుండె తరుగుకొనిపోయెను. ఏలయన, ఈ రోగము బయటపడినపిమ్మట బ్రతుకుట యించుమించు లేనేలేదు. నీటిని జూచి వెఱచు దశ వచ్చినచో రోగి దక్కడని సుశ్రుతుడు ఏనాడో చెప్పియున్నాడు. నేటికిని ఆ మాట మారలేదు.

మారినది మందు. గొఱ్ఱె మెదడునుండి తీసిన పాతమందును 2005 నుండి మన దేశమున వాడుట లేదు. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను భయము నేడు వట్టిది. క్రొత్తమందును భుజమున నాలుగు దినములు వేయించుకొన్న చాలును. అది మన యూళ్ల సర్కారు ఆసుపత్రులలోనే దొరకును. ఐనను లోకమున ఏటేట 59,000 మంది ఈ రోగమున చనిపోవుచున్నారనియు, వారిలో పదింట నాలుగువంతులు పదునైదేండ్లలోపు బిడ్డలేయనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. మందు కొండ దిగి మన గుమ్మములోనికి వచ్చినను బిడ్డ లేల చనిపోవలెను?

దీనికి సమాధానము కొంత మూడవనాడు నాకు కండ్లయెదుట కనబడినది. తేయాకుతోటలో కూలిచేయు నొకామె తన కూతును బడికి దిగబెట్ట బోవుచుండెను. దారిలో నొక మేడ గేటు బార్లా తెరచియుండెను. అందుండి పెద్దకుక్క యొకటి దూకి వచ్చి పిల్లపైకి ఎగబడెను. యజమాని వసారాలో కాఫీ త్రాగుచు, లేవకయే, "భయపడవద్దు, అది ఏమియు చేయదు" అనెను. ఆయన మాట ముగియులోపలనే పిల్ల మోచేతివద్ద పండ్లు దిగి నెత్తురు వచ్చెను. కుక్కకు టీకా వేయించితిరా యని మా వారు అడుగగా, "చిన్నప్పుడు వేయించినట్లే జ్ఞాపకము" అని ఆయన కుక్కను పిలుచుకొని లోనికి పోయెను. మేము వీధికొళాయివద్ద సబ్బుతో పిల్ల చేయి కడిగి, తల్లీబిడ్డలను ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. కరచిన నాడు, మూడవనాడు, ఏడవనాడు, ఇరువదియెనిమిదవనాడు రావలెనని వైద్యులు చెప్పిరి. ఆ తల్లి వ్రేళ్లు మడిచి లెక్కించుకొనెను. నాలుగుదినముల కూలి! కుక్క ఒకరిది, ఋణము వేఱొకరిది.

"అది ఏమియు చేయదు" అను మాట మన యూళ్లలో మాత్రము వినబడుట లేదా? ఉదయము గొలుసు విప్పి, "ఊరంతయు తిరిగి అదే వచ్చును" అనువారు ఎందరు లేరు! ఇంటిలో తోకయాడించు కుక్కయే వీధిలో పరుగెత్తు పిల్లవానిని జూచి వెంటబడును, సైకిలువానిని క్రింద పడవేయును, తోడికుక్కలతో కలహించి వాని రోగము నింటికి తెచ్చును. తనకు పుట్టిన పిల్లలను మనము సంచిలో వేసి వీధిచివర విడిచినచో, అవియే రేపటి యూరకుక్కలు.

కుక్కకు మాత్రము దీనివలన మేలేమి? కూనూరులో రాత్రివేళ చిరుతపులులు ఇండ్లచెంతకు వచ్చి కుక్కల నెత్తుకొనిపోవుట సామాన్యము. పగటిపూట వీధులలోనే అడవిదున్నలు తిరుగుచుండును. మన యూళ్లలో పులి లేకున్నను లారీచక్రము కలదు. విప్పివిడుచుట స్వేచ్ఛ యిచ్చుట కాదు. దాని ప్రాణమును, పొరుగువారి ప్రాణమును దైవమునకు వదలివేయుట.

భారతమున సరమ కథ మనమందఱము ఎరిగినదే. ఏ తప్పును చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టిరని ఆ దేవశునకి రాజును నిలదీసెను. కావున కుక్కను రాళ్లతో కొట్టుటయు, విషము పెట్టుటయు ధర్మము కాదు. భారతము చివర, వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు ఇంద్రునితో పలికెను. విడువకుండుట ఆయన ధర్మమైనది. మనమో, విడుచుటనే ప్రేమ యనుకొనుచున్నాము. తప్పు కుక్కది కాదు, గొలుసు విప్పిన చేతిది. మన శాసనమును ఆ మాటే చెప్పుచున్నది. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను ప్రకారము, తన జంతువువలన ఇతరులకు అపాయము కలుగకుండ జాగ్రత్తపడనివారికి ఆరునెలలవరకు ఖైదు గాని, 5,000 రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

ఇంట కుక్క యున్న సోదరీమణులు కొన్ని నియమములు పాటింపవలెను. మూడునెలల వయస్సున టీకా వేయించి, పిమ్మట ఏటేట వేయించి, ఆ చీటీని బియ్యపుకార్డువలె భద్రపరుపవలెను. వీధికి తీసికొనిపోవునపుడు త్రాడు మన చేత నుండవలెను. పిల్లలు వలదనుకొన్నచో పశువైద్యునిచే శస్త్రచికిత్స చేయింపవలెను. మన కుక్క ఎవరినైన కరచినచో దాచిపెట్టక, గాయపడినవారిని ఆసుపత్రికి పంపి, కుక్కను పదిదినములు కట్టి కనిపెట్టవలెను. అన్ని దినములు అది ఆరోగ్యముగా నున్నచో కాటునాడు దాని చొంగలో విషము లేదని తెలియును. విడిచిన కుక్క ఎటో పోయినచో ఆ సంగతి తెలియు దారియే లేదు. ఐనను గాయపడినవారు సూదులకై ఆ పదిదినములు ఆగరాదు.

ఇక కాటు తగిలినపుడు పసుపు, కారము, సున్నము, కాఫీపొడి పూయరాదు, గాయమును కట్టివేయరాదు. పారునీటిలో సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. నెత్తురు వచ్చిన గాయమునకు టీకాతోపాటు గాయములోనే వేయు వేఱొక మందు కలదు, దానినిగూడ అడుగవలెను. పిల్లలు తిట్టుదురను భయముచే చిన్నగాట్లను దాచెదరు. రోగము నెలలు గడచి బయటపడవచ్చును గనుక, స్నానము చేయించునపుడు కాళ్లుచేతులు చూచి మెల్లగా అడుగుట తల్లుల పని.

ఇంటికి దీపము ఇల్లాలే యందురు. ఆ దీపము పట్టుకొని రాత్రి పడుకొనుటకు ముందొకసారి వాకిటికి పోయి, గేటు గడియ పడినదో లేదో చూచుకొనుడు. ఆ గడియ వెనుక మన కుక్క సుఖముగా నిద్రించును. దాని కవతల పొరుగింటి బిడ్డ నిర్భయముగా బడికి నడచును.