పక్కవాద్యాల పద్దు

ఒక చిన్న సంగీత సభకు కోశాధికారిగా ఉన్న రోజుల్లో నేను రాసిన జమాఖర్చుల పుస్తకంలో ఒక పద్దు ఇలా ఉంటుంది: మైకు, లైట్లు, పూలదండలు, పక్కవాద్యాలు, ఇతరములు. అన్నిటికీ కలిపి ఒకటే మొత్తం. గాయకుడి పారితోషికానికి మాత్రం విడిగా పేజీ. వయొలిన్ విద్వాంసుడినీ మృదంగం మాస్టారినీ లైట్లతో కలిపి కూడేశానని అప్పట్లో నాకు తట్టనే లేదు. లెక్క సరిపోయింది, ఆడిటరు సంతకం పెట్టాడు, అంతే.

అదీ ఏ ఊళ్లో! విజయనగరంలో. 1919లో పూసపాటి రాజావారు ఇక్కడ సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌ని చేశారు. వయొలిన్ పాఠాలు చెప్పడానికి చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. 1936లో దాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ అయిందీ ఆయనే. గాయకుడి పక్కన కూర్చునే వయొలిన్‌ను వేదిక మధ్యకు తెచ్చి, కచేరీ మొత్తం అదొక్కటే నడపగలదని చూపించిన మనిషి. మా సభలో ఆయన గురించి ఏటా ఉపన్యాసం ఉండేది. ఉపన్యాసం అయ్యాక వయొలిన్ వాయించిన కుర్రాడికి దారి ఖర్చులూ, ఒక శాలువా.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయ్యాక, ఊరు కాస్త ఊపిరి తీసుకున్నాక మా వార్షికోత్సవం పడేది. చెన్నై నుంచి పేరున్న గాయకుడు. ఆయన రైలు టికెట్లు, హోటలు గది, రోడ్డు మలుపుల్లో ఫ్లెక్సీలు. ఫ్లెక్సీలో గాయకుడి బొమ్మ కన్నా మా కార్యవర్గం బొమ్మలు పెద్దవి, నాది కూడా ఉండేది. ఆరింటికి మొదలవాల్సిన కచేరీ ముఖ్య అతిథి వచ్చేదాకా ఆగేది. ఆయన వచ్చాక జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, సన్మానాలు. చివరికి పాట మొదలయ్యేసరికి ముందు వరసలో కూర్చున్నవాళ్లు భోజనాల వేళ చూసుకునేవారు. గాయకుడు వర్ణం తగ్గించి, ఆలాపన కుదించి సర్దుకునేవాడు. మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం రాగానే సగం హాలు లేచేది. నేను మిగతావాళ్ల కంటే ముందే లేచేవాణ్ణి, టీలు పంపించాలి కదా!

అతిథులకు ఇచ్చే జ్ఞాపిక ఎప్పుడూ బొబ్బిలి వీణే. అంటే అసలు వీణ కాదు, గాజు పెట్టెలో పట్టే బొమ్మ వీణ. ఒక ఏడాది అవి తేవడానికి బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి నేనే వెళ్లాను. అక్కడ ఒక ముసలాయన పెద్ద వీణ మీద పని చేస్తున్నాడు. ఒకే పనసమానులోంచి కుండా, దండీ తొలిచి తీసిన ఏకాండి వీణ. దండి మీద మైనం పెట్టి ఇరవై నాలుగు మెట్లు ఒక్కొక్కటే కూర్చుతూ, తీగ మీటి, చెవి దగ్గర పెట్టి వింటున్నాడు. నా బొమ్మ వీణలు ఇంకో పక్క వరసగా ఆరుతున్నాయి. వాటికే గిరాకీ ఎక్కువట.

"మీ సభలో ఈణ కచేరీ ఎప్పుడెట్టారు బాబూ?" అనడిగాడు.

మేం పెట్టలేదు. వీణకు జనం రారని మా కార్యవర్గంలో వాదించి గెలిచింది నేనే. ఆ సంగతి ఆయనకు చెప్పలేక బొమ్మల ధర దగ్గర బేరమాడాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు.

అయినా బుద్ధి అక్కడ రాలేదు. మరుసటి ఏడాది మా మృదంగం మాస్టారు రాలేనన్నారు. ఎన్నో ఏళ్లుగా మాకు వాయించిన మనిషి. "ఆ రోజు పార్వతీపురంలో డాన్సు ప్రోగ్రాం ఒప్పుకున్నాను బాబూ, ఆళ్లు అడ్వాన్సు పంపించేశారు" అన్నారు. నాకు కోపం వచ్చింది. సొంత ఊరి సభ మీద అభిమానం లేదా మాస్టారూ అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. "మృదంగానికి మూతలు ఏయించాలంటే ఎంతవుతాదో ఎప్పుడైనా అడిగారా?" అన్నారు. అడగలేదు. కచేరీకి ముందు ఎడమ మూత మీద ఆయన రవ్వ ముద్ద అద్దుకోవడం చూశాను గానీ, ఆ తోలుకు ఆయుష్షు ఉంటుందనీ, దాని ఖర్చు ఎవరో భరిస్తున్నారనీ ఆలోచించలేదు. ఇంట్లో ఎన్ని శాలువాలున్నాయో కూడా చెప్పారు. ఆ లెక్క ఇక్కడ రాయను.

అప్పుడు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఏళ్ల తరబడి సంగీతం కోసమని చందాలు వసూలు చేశాం. అందులో ఇక్కడ ఉండి, ఇక్కడ వాయించి, ఇక్కడి పిల్లలకు పాఠం చెప్పే మనిషికి చేరింది వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఘంటసాల ఈ ఊళ్లో చదువుకున్నప్పుడు పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. కుర్రాడు మధూకరం ఎత్తుకుంటే ఇళ్లవాళ్లు జోలెలో అన్నం వేశారు. ఆ ఇల్లాళ్లలో ఎంతమందికి రాగాలు తెలుసో గానీ, సంగీతం నేర్చుకునేవాడికి ఆకలేస్తుందని తెలుసు. అది నాకు తెలియలేదు, కోశాధికారిని అయివుండీ.

కార్యవర్గంలో పోట్లాట అయింది. ఫ్లెక్సీలూ జ్ఞాపికలూ తీసేద్దామనగానే ఇద్దరు పెద్దమనుషులు చందా మానేశారు. చెన్నై గాయకుణ్ణి ఏడాదికొకసారి కాకుండా వీలైనప్పుడే పిలుద్దామని, ఆ డబ్బుతో చిన్న కచేరీలు పెడదామని తేల్చుకున్నాం. మొదటిది వీణ. మాఘమాసంలో, ఒక స్కూలు గదిలో, జంబుఖానా పరిచి, మైకు లేకుండా. ఫ్యాన్ల రొదలో వీణ వినబడదు కాబట్టే చలికాలం చూసుకున్నాం. వచ్చింది ముప్పై నలభై మంది. వాళ్లలో కొందరు వాయించిన అమ్మాయి చుట్టాలే. బ్రహ్మాండంగా జరిగిందని చెప్పను. ఒక తీగ రెండుసార్లు శ్రుతి తప్పింది, హుండీలో పడింది గది శుభ్రం చేసినావిడకే సరిపోయింది. కానీ తీగ మీటాక నాదం ఎంతసేపు నిలుస్తుందో, మెట్టు మీద వేలు లాగితే గమకం ఎలా పలుకుతుందో నేను మొదటిసారి విన్నాను. మా పెద్ద హాల్లో, స్పీకరు పెట్టెల్లోంచి వచ్చే మోతలో, అది ఎన్నడూ తెలిసేది కాదు.

తని ఆవర్తనంలో కూర్చోవడం మాస్టారే నేర్పారు. "లెక్కలు అర్థం కాకపోతే పోనీండి, తాళం ఒదలకండి" అన్నారు. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు: ఒక దెబ్బా, మూడు వేళ్లూ, తర్వాత దెబ్బా విసురూ రెండుసార్లు. తొడ మీద వేసుకుంటూ వింటే, ముక్తాయింపు మూడుసార్లు తిరిగి పల్లవి ఎత్తుగడ మీద వచ్చి పడేచోట చెయ్యి తప్పకుండా ఉంటే చాలు. నాది ఇంకా తప్పుతుంది. రాగాలైతే మోహనా కల్యాణీ దాటి గుర్తుపట్టలేను. టీలు మాత్రం కచేరీ అయ్యాకే.

ఇప్పుడు పుస్తకంలో పక్కవాద్యాలకు విడి పేజీ ఉంది. సగం సొమ్ము ముందే పంపుతాం. వచ్చే కచేరీ శ్రీకాకుళంలో, అక్కడి మిత్రులతో కలిసి పెడుతున్నాం. తేదీ చెబితే మాస్టారు డైరీ తిరగేసి, ఆ రోజు ఖాళీ లేదన్నారు. తేదీ మేమే మార్చుకున్నాం.